వించ్ ఉన్న అల్యూమినియం బంపర్‌లో వెల్డింగ్ పక్కన పగులు: లోపం లోహానిదా, రూపకల్పనదా?

ప్రశ్న: ఎర్రమట్టిదారి

నమస్కారం. నాది నిచ్చెన చాసిస్ (రెండు పొడవాటి రెయిళ్లను అడ్డ దూలాలు కలిపే చట్రం) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం. మొదట స్టీలు బంపర్ వాడాను. దాని బరువు 70 కిలోలు కావడంతో ముందు స్ప్రింగులు కుంగిపోతున్నాయని, రెండేళ్ల కిందట 6 మి.మీ. అల్యూమినియం ప్లేటుతో చేసిన బంపర్‌కు మారాను. ఇది 35 కిలోలే ఉంది. లోపల 12,000 పౌండ్ల దాకా లాగగల వించ్ (తాడును చుట్టుకుంటూ లాగే యంత్రం), బయట ఇరుపక్కలా షాకిల్ (తాడు కట్టే కొక్కెం) తగిలించడానికి రెండు చెవులు ఉన్నాయి. ఈ రెండేళ్లలో వించ్‌ను పదిసార్లు వాడి ఉంటాను. కుడి చెవికి కినెటిక్ తాడు (రబ్బరులా సాగి లాగే తాడు) కట్టి వేరే వాహనాలను బురదలోంచి నాలుగైదు సార్లు లాగాను.

పోయిన వారం వాహనం కడుగుతూ బంపర్ అడుగున పేరుకున్న మట్టిని తోముతుంటే, కుడి చెవిని అతికిన వెల్డ్ బీడ్‌కు (కరిగి గడ్డకట్టిన అతుకు గీతకు) సరిగ్గా ఆనుకుని, పౌడర్ కోటింగ్ మీద వెంట్రుకంత నల్లటి గీత కనిపించింది. రాయి గీసుకుని ఉంటుందనుకుని గుడ్డతో తుడిచాను. పొడిగా తుడిచిన కాసేపటికి ఆ గీత వెంట నీరు మళ్లీ సన్నగా ఊరింది. గోటితో అడ్డంగా గీరితే గోరు పట్టుకుంది. పొడవు దాదాపు 40 మి.మీ. ఉంది.

వించ్ లాగుడుకు అల్యూమినియం అసలు తగని లోహమా, లేక నాకు చేసి ఇచ్చిన పద్ధతిలో లోపం ఉందా అన్నది నా మొదటి సందేహం. ప్లేటు 8 మి.మీ. ఉండి ఉంటే ఇలా జరిగేది కాదా? ఈ పగులు మీద మళ్లీ వెల్డింగ్ చేయించి వాడుకోవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: టిగ్‌టార్చ్

ఎర్రమట్టిదారి గారూ, ముందుగా ఒక విన్నపం. ఆ చెవిని ఇక ఏ లాగుడుకూ వాడకండి. కినెటిక్ తాడు సాగి ఉన్న సమయంలో చెవి ఊడితే, తాడులో నిండిన శక్తి అంతా ఆ ముక్కను షాకిల్‌తో సహా తూటాలా విసిరేస్తుంది. దాని దారిలో మనిషి ఉంటే బతకడం కష్టం. మిగతా చర్చంతా దీని తరువాతే.

నేను చాలా ఏళ్లుగా అల్యూమినియానికి టిగ్ వెల్డింగ్ చేస్తున్నాను. పగులు బీడ్‌లో కాక బీడ్ అంచున వచ్చిందన్న మాటతోనే కారణం చాలావరకు తెలుస్తోంది. మైల్డ్ స్టీలును వెల్డ్ చేస్తే పక్కనున్న లోహం తన బలాన్ని పెద్దగా కోల్పోదు. అల్యూమినియం అలా కాదు. బంపర్లకు తరచుగా వాడే 5052-హెచ్32 రకం అల్యూమినియం షీటుకు ఉన్న బలం, దాన్ని చల్లని స్థితిలో రోలర్ల మధ్య నలిపి తెచ్చినది. అలా వచ్చిన యీల్డ్ బలం (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) సుమారు 193 మెగాపాస్కల్. టార్చ్ వేడి తగిలిన చోట ఆ నలుగుడు బలం పోయి లోహం మళ్లీ మెత్తబడుతుంది. అక్కడ 90 మెగాపాస్కల్ మిగిలితే ఎక్కువ, జాగ్రత్తగా లెక్కించేవారు 65 మాత్రమే తీసుకుంటారు. 6061-టి6 రకానికి బలం వచ్చే దారి వేరైనా ఫలితం ఇంతే. వేడిచేసి, నీటిలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి సాధించిన 276 మెగాపాస్కల్, వెల్డ్ పక్కన లెక్కకు 105 దగ్గరకు దిగిపోతుంది. ఈ మెత్తబడిన పట్టీ బీడ్‌కు ఇరుపక్కలా ఒక అంగుళం, అంటే 25 మి.మీ. వరకు ఉంటుందని భావించి డిజైన్ చేస్తారు. మీ పగులు ఆ పట్టీలోనే, అందులోనూ ఆకారం ఒక్కసారిగా మారే అంచు దగ్గర పుట్టింది.

పోయిన బలాన్ని తిరిగి తెప్పించలేమా అని చాలామంది అడుగుతుంటారు. 6061ను సుమారు 530 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, చటుక్కున చల్లార్చి, ఆపై 175 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉంచితే బలం చాలావరకు తిరిగి వస్తుంది. కానీ వెల్డ్ చేసి ముగించిన బంపర్‌ను అలా నీటిలో ముంచితే మెలితిరిగిపోతుంది, దాని రంధ్రాలు చాసిస్ రంధ్రాలతో ఇక కలవవు. 5052కు వేడితో బలం రానే రాదు. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గడిపే పది, పదిహేను నిమిషాలు ఈ విషయంలో చెప్పుకోదగిన మేలూ చేయవు, కీడూ చేయవు.

ప్లేటు ఏ రకమో, ఏ ఫిల్లర్ తీగ (వెల్డ్‌లో కరిగించి నింపే తీగ) వాడారో, ఆ చెవి ప్లేటును చీల్చుకుని వెనక్కి పోయిందో లేక ముందు ముఖం మీద అతికి ఊరుకున్నారో కనుక్కుని చెప్పండి. మూడో ప్రశ్నకు జవాబే అన్నిటికన్నా ముఖ్యం.

సమాధానం: బలాలలెక్క

టిగ్‌టార్చ్ గారు చెప్పిన కారణానికి అంకెలు జోడిస్తే మీ మొదటి రెండు సందేహాలు తీరుతాయి.

అల్యూమినియం సాంద్రత స్టీలు సాంద్రతలో దాదాపు మూడో వంతు. దాని స్థితిస్థాపక గుణకం (లోహం ఎంత బిగువో చెప్పే అంకె) కూడా దాదాపు మూడో వంతే, స్టీలుకు 205 గిగాపాస్కల్ అయితే దీనికి 69. అల్యూమినియం బలహీనమనే అపవాదు ఎక్కువగా ఈ రెండో అంకె నుంచే వచ్చింది. అయితే ప్లేటు వంగకుండా నిలిచే గుణం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 4 మి.మీ. స్టీలు ప్లేటుకు 205ను 64తో గుణిస్తే 13,100 వస్తుంది, 6 మి.మీ. అల్యూమినియానికి 69ని 216తో గుణిస్తే 14,900 వస్తుంది. అంటే అల్యూమినియం ప్లేటే కాస్త ఎక్కువ బిగువుగా ఉంటుంది. బరువు మాత్రం చదరపు మీటరుకు 31.4 కిలోల నుంచి 16.2 కిలోలకు తగ్గుతుంది.

ఇక శాశ్వతంగా వంగిపోకుండా ఓర్చుకునే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. యీల్డ్ 250 మెగాపాస్కల్ ఉన్న 4 మి.మీ. మైల్డ్ స్టీలుకు 250ని 16తో గుణిస్తే 4,000. మీ 6 మి.మీ. 5052కు 193ను 36తో గుణిస్తే 6,950 దాకా వస్తుంది. అదే ప్లేటును వెల్డ్ పక్కన లెక్కిస్తే 65ను 36తో గుణించాలి, వచ్చేది 2,340. ఒకే ప్లేటు ఒకచోట స్టీలు కన్నా 1.7 రెట్లు బలంగా ఉండి, ఒక అంగుళం జరిగేసరికి స్టీలు బలంలో పదింట ఆరు పాళ్లకు పడిపోతోంది. అందుకే లోహం ఏది అన్న ప్రశ్న కన్నా, బలం ఎక్కువగా పడే చోట వెల్డ్ ఉందా లేదా అన్న ప్రశ్నే అల్యూమినియం బంపర్ మంచిచెడ్డలను నిర్ణయిస్తుందని నా గట్టి అభిప్రాయం. ప్లేటును 8 మి.మీ. చేసినా వెల్డ్ పక్కన 65ను 64తో గుణిస్తే 4,160 వస్తుంది. బరువు మూడో వంతు పెంచి, 4 మి.మీ. స్టీలుకు సరిసమానంగా వచ్చామన్నమాట. పగులు ఆలస్యమవుతుంది గానీ ఆగదు.

ఆగదు అనడానికి మరో కారణం ఫెటీగ్, అంటే పదేపదే పడే బలానికి లోహం అలసి పగలడం. స్టీలులో ఒత్తిడి ఒక హద్దుకు లోబడి ఉంటే, తుప్పు పట్టనంత కాలం అది ఎన్ని లక్షల కుదుపులనైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న కుదుపు కూడా లెక్కలోకి వస్తుంది. మీరు వించ్ వాడింది పదిసార్లే కావచ్చు, కానీ ముప్పై నలభై కిలోల వించ్ ఆ బంపర్ ఒడిలో కూర్చుని, అలలు తేలిన మట్టి రోడ్డు మీద ప్రతి నిమిషమూ వందల సార్లు దాన్ని ఊపుతూనే ఉంది. లాగుడులో మొదలైన పగులును పెంచినది బహుశా ఈ ఊపే.

వించ్ బలం చాసిస్‌కు ఎలా చేరుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే చాలా బంపర్లు ఇక్కడే తప్పుతాయి. 12,000 పౌండ్లంటే సుమారు 5,440 కిలోల లాగుడు. చాసిస్ రెయిళ్ల ముందు కొసల మీద బంపర్‌ను పైన ఒక వరుస, కింద ఒక వరుస బోల్టులతో బిగించారని, ఆ వరుసల మధ్య దూరం 100 మి.మీ. అని, వించ్ తాడు ఆ రెండు వరుసల నడిమి గీతకు 150 మి.మీ. ఎత్తున ఉందని అనుకుందాం. తాడు లాగినప్పుడు బంపర్ ముందుకు తూలబోతుంది. ఆ తూలుడును ఆపే క్రమంలో పై వరుస మీద 10,880 కిలోల లాగుడు, కింది వరుస దగ్గర 5,440 కిలోల నొక్కుడు పడతాయి. లాగింది 5,440 అయితే పై బోల్టులు భరించేది దానికి రెండింతలు. అది కూడా తాడు నేరుగా ముందుకు ఉన్నప్పుడు మాత్రమే. పక్కకు లాగితే ఒక రెయిలు మీదే ఎక్కువ పడుతుంది. వించ్‌ను ఎంత దిగువన కూర్చోబెడితే, బోల్టు వరుసలను ఎంత ఎడంగా పెడితే అంత మేలు. ప్లేటు మందం పెంచడం కన్నా ఈ రెండు మార్పులు ఎక్కువ ఫలితం ఇస్తాయి.

సమాధానం: రాళ్లబాట

లెక్కలన్నీ నిజమే. నేను మాత్రం రాళ్ల మీద ఎక్కువగా నడిపేవాణ్ణి, కాబట్టి స్టీలు వైపు ఒక మాట చెప్పాలి. స్టీలు మూల రాయికి తగిలితే జారిపోతుంది, గీత పడుతుంది, అంతే. అల్యూమినియం మెత్తన కాబట్టి రాయి అందులో దిగి పట్టుకుంటుంది. వాహనం ఆ పట్టు మీదే ఆగిపోయిన సందర్భాలు నాకు ఉన్నాయి. తరువాత చూస్తే ఆ మూలలో లోహం ఉలితో తోడినట్టు లేచిపోయి ఉంటుంది. అల్యూమినియమే కావాలనుకునేవారు కింది అంచుకు, మూలలకు బోల్టుతో బిగించి మార్చుకోగలిగే స్టీలు పట్టీలు గానీ, దట్టమైన ప్లాస్టిక్ పట్టీలు గానీ పెట్టించుకోవడం మంచిది.

అయినా మీరు బరువు తగ్గించుకోవడం తప్పు కాదు. బంపర్ ముందు ఇరుసుకు కూడా అవతల వేలాడుతుంది కనుక దాని ప్రభావం తూకంలో కనిపించేదానికన్నా ఎక్కువ. ఇరుసుల మధ్య దూరం 2.75 మీటర్లు, బంపర్ బరువు కేంద్రం ముందు ఇరుసుకు 0.9 మీటరు ముందుకు ఉంటే, 70 కిలోల బంపర్ ముందు ఇరుసు మీద 93 కిలోలు మోపి, వెనుక ఇరుసు నుంచి 23 కిలోలు తీసేస్తుంది. 35 కిలోల బంపర్ అయితే ముందు పడేది 46 కిలోలే. మీ స్ప్రింగులు కుంగడం మానడానికి కారణం అదే.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఎర్రమట్టిదారి

అందరికీ కృతజ్ఞతలు. బంపర్ విప్పించి చూశాను. చేసినవారిని అడిగితే ప్లేటు 5052 అని, ఫిల్లర్ తీగ 5356 అని చెప్పారు. చెవులు 12 మి.మీ. మందపు 6061 ముక్కలు. ప్లేటును చీల్చుకుని వెనక్కి పోలేదు, ముందు ముఖం మీద నిలబెట్టి చుట్టూ వెల్డ్ చేశారు. వెనుక వైపు ఏ ఆధారమూ లేదు. షాకిల్ పిన్ను పట్టే రంధ్రం 25 మి.మీ. ఉండాల్సింది, లాగిన దిశలో కొలిస్తే 27 మి.మీ. వచ్చింది.

పగుళ్లు చూసే ఎర్ర రంగు, పగులులో దిగిన ఆ రంగును పైకి లాగే తెల్ల డెవలపర్ డబ్బాలు తెచ్చి కోటింగ్ గీకి పరీక్షించాను. కుడి పక్క గీత 40 కాదు, 55 మి.మీ. ఉంది. బాగానే ఉందనుకున్న ఎడమ చెవి దగ్గర కూడా తెల్లటి పొర మీద 15 మి.మీ. ఎర్ర గీత మెల్లగా పైకి తేలింది. చాసిస్ బోల్టుల కింద వాషర్లు అల్యూమినియంలోకి దిగబడి ఉన్నాయి, వాటి చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. ఇప్పుడు ఏం చేయమంటారు?

సమాధానం: టిగ్‌టార్చ్

మీరు ఎడమ పక్క కూడా చూడడం ఎంతో మంచి పని. పగులు మీద మళ్లీ వెల్డ్ చేయవద్దు. అందులోకి బురద నీరు, నూనె దిగి ఉంటాయి. వాటిలోని హైడ్రోజన్ కరిగిన లోహంలో బుడగలుగా చిక్కుకుని బీడ్ జల్లెడలా తయారవుతుంది. పైగా మెత్తబడిన పట్టీ మరింత వెడల్పవుతుంది. పగులు కొసన 4 మి.మీ. రంధ్రం వేసి ఆపే పద్ధతి ఒకటి ఉంది, అది ఇంటికి చేరడానికి పనికివస్తుంది, లాగుడుకు కాదు.

నా సలహా ఏమిటంటే రెండు చెవులనూ కోసివేయించండి. పగులు ఉన్న భాగాన్ని పూర్తిగా తొలగించి, మిగిలిన కిటికీ గుండా కొత్త చెవులు వెనక్కి పోయేలా చూడండి. ఆ కొత్త చెవులు 25 మి.మీ. స్టీలు ప్లేటువై, నేరుగా చాసిస్ రెయిలుకు బోల్టులతో బిగిసి ఉండాలి. బంపర్ ప్లేటు వాటిని తాకకూడదు, చుట్టూ 3 మి.మీ. ఖాళీ వదలండి. అప్పుడు లాగుడు బలం అల్యూమినియంలోకి రాకుండానే చాసిస్‌కు చేరిపోతుంది.

మరో బంపర్ చేయించే ఆలోచన వస్తే, వీలైనన్ని మూలలు వెల్డ్‌తో కాక ప్రెస్ బ్రేక్ (ప్లేటును మడిచే యంత్రం) మీద మడతతో రావాలని పట్టుపట్టండి. 5052 బాగా మడతపడుతుంది, మడతలో బలం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. 6061-టి6ను బిగువుగా మడిస్తే బయటి అంచున చిట్లుతుంది కనుక దాన్ని సమతలంగా ఉండే ముక్కలకే వాడతాము. తప్పనిసరిగా వెల్డ్ చేయాల్సిన గుస్సెట్ల (మూలలను బలపరిచే ముక్కల) కొసలు నిలువుగా తెగకుండా ఏటవాలుగా సన్నబడి ముగియాలి. మీ చెవి అంచులాగా ఒక్కసారిగా ముగిసిన ప్రతి కొసా ఒక పగులుకు పుట్టిల్లు.

సమాధానం: బలాలలెక్క

రంధ్రం ఎందుకు సాగిందో చూడండి. షాకిల్ పిన్ను 22 మి.మీ., చెవి 12 మి.మీ., అంటే ఆనుకునే వైశాల్యం 264 చదరపు మి.మీ. 5,000 కిలోల లాగుడుకు ఒత్తిడి 186 మెగాపాస్కల్. కానీ పిన్ను కన్నా రంధ్రం పెద్దది, కాబట్టి నిజంగా తాకే భాగం అంతకన్నా తక్కువ. కినెటిక్ తాడు కుదుపులో బలం ఇంకా పెరుగుతుంది. 25 మి.మీ. స్టీలు చెవిలో ఇదే లాగుడుకు ఒత్తిడి 90 మెగాపాస్కల్ కూడా దాటదు.

వాషర్లు దిగబడడం చిన్న విషయంగా తీసుకోకండి. బోల్టు తన బిగువుతోనే రెండు ముఖాలను కలిపి పట్టుకుంటుంది. కింద లోహం నలిగితే ఆ బిగువు జారి, బంపర్ బోల్టు మీద కొట్టుకోవడం మొదలవుతుంది. 4 మి.మీ. మందపు, వెడల్పైన గట్టి వాషర్లు వేయించండి. తెల్ల పొడి అల్యూమినియం తుప్పు. తడిలో స్టీలుతో తాకి ఉన్న అల్యూమినియమే కరిగిపోతుంది. జింకు పూత ఉన్న బోల్టులు, రెండు లోహాల మధ్య పలుచని ప్లాస్టిక్ షిమ్, రంధ్రాల అంచులకు సీలెంట్ ఉంటే ఇది చాలా నెమ్మదిస్తుంది. చాసిస్‌కు ఆనే ముఖాల మీద మందపాటి పౌడర్ కోటింగ్ ఉంచకండి, అది కూడా నలిగి బోల్టును వదులు చేస్తుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కంపెనీ బంపర్ వెనుక ఢీకొన్నప్పుడు నలిగిపోయే పెట్టెలు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఆ నలుగుడు వేగాన్ని బట్టి సర్దుబాటై ఉంటాయి. కొత్త చెవులను, బ్రాకెట్లను రెయిలుకు బిగించే తొందరలో ఆ పెట్టెలను కోసి పారేస్తే, చిన్న దెబ్బకు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవచ్చు, పెద్ద దెబ్బలో దాని సమయం తప్పవచ్చు. అవి ఇప్పటికే తీసివేసి ఉంటే, నలిగే భాగం ఉన్న బ్రాకెట్లు మీ వాహనానికి దొరుకుతాయేమో ముందు చూసి, తరువాతే పని మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఎర్రమట్టిదారి

చెవులు రెండూ నిన్న కోయించాను. నలిగే పెట్టెలు అలాగే ఉన్నాయి, వాటి పక్కనుంచి రెయిలుకు చేరేలా స్టీలు చెవులకు కొలతలు తీసుకున్నారు. వించ్ ట్రేను 60 మి.మీ. కిందికి దించడానికి కూడా చోటు ఉందని తేలింది.

కోసిన కుడి ముక్కను చేతిలోకి తీసుకుని అంచును అడ్డంగా చూశాను. పరీక్షలో పోసిన ఎర్ర రంగు బీడ్ అంచు నుంచి లోపలికి 4 మి.మీ. దాకా దిగి ఉంది. తెల్లగా, శుభ్రంగా మిగిలిన లోహం 2 మి.మీ. మాత్రమే. మూడు వారాల కిందట, ముందు సీట్లలో ఇద్దరు మనుషులున్న వాహనాన్ని నేను బురదలోంచి లాగింది దాని మీదనే.